ఉద్దానం కిడ్నీ స్కాన్లు: పేరు బయటపడకుండా మోడల్‌కు నేర్పడం

కిడ్నీ స్కాన్లు చదివే ఏఐ ప్రోగ్రాంకు (మోడల్‌కు) నేర్పాలంటే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని పలాస, సోంపేట, కవిటి స్కాన్లను ఒకచోట పోగు చెయ్యక్కర్లేదు. మోడల్‌నే ఊరూరికీ పంపండి.

ముందు డైకామ్ (ఆసుపత్రి స్కాన్లు దాచే పద్ధతి) ఫైల్లో పేరు, రోగి నంబరు, పుట్టిన తేదీ ట్యాగులు (0010,0010, 0010,0020, 0010,0030) ఖాళీ చెయ్యండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు ముప్పు బొమ్మలోనే ఉంది: అల్ట్రాసౌండ్ పైపట్టీలో పేరు పిక్సెళ్లలోనే అచ్చయి ఉంటుంది. ఆ పట్టీని నల్లగా పూసి, కనీసం వంద బొమ్మలైనా కంటితో చూడండి.

ఒకే మనిషి ఎడమ కిడ్నీ శిక్షణలో, కుడి కిడ్నీ పరీక్షలో పడితే వచ్చే ఖచ్చితత్వం బూటకం. శిక్షణ బొమ్మల్నీ పరీక్ష బొమ్మల్నీ రోగివారీగా విడదీయండి.

ప్రతి కేంద్రంలో ఒకట్రెండు ఎపోక్‌లు (అక్కడి బొమ్మలన్నీ ఒకసారి చూపితే ఒక ఎపోక్) నడిపి, వెయిట్లే (మోడల్ నేర్చుకున్న అంకెలు) అన్నిటినీ కలిపే సర్వర్‌కు పంపండి. వాటినుంచీ ఆనవాళ్లు లాగొచ్చు కనుక శిక్షణలోనే ఒక్కో బొమ్మ గ్రేడియంట్‌ను (ఆ బొమ్మ వెయిట్లను ఎటు, ఎంత మార్చమంటుందో) నార్మ్, అంటే పరిమాణం, 1.0 దాటకుండా కత్తిరించి గాసియన్ నాయిస్ (యాదృచ్ఛిక అంకెలు) కలపండి. అప్పుడు మోడల్ లోపలి అంకెల్ని సరిచేసే పొరగా బ్యాచ్‌నార్మ్ పనికిరాదు, బొమ్మల్ని కలగలిపేస్తుంది; ఒక్కో బొమ్మను విడిగా చూసే గ్రూప్‌నార్మ్ పెట్టండి. నెట్ పోయిన కేంద్రాన్ని ఆ రౌండ్‌కు (మోడల్ కేంద్రాలకు వెళ్లి వెయిట్లు తిరిగొచ్చే ఒక విడతకు) వదిలెయ్యండి.