‘ఈ వయసులో మామూలే’ అంటే ఊరుకోకండి: ముట్లు ఆగే దశలో సరైన వైద్యం అందుకోవడం ఎలా?

మా అక్కకు 38 ఏళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. నడుం నొప్పి, తెల్లబట్ట అని నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయింది. స్కానింగ్ చేసి ‘ఉంచితే క్యాన్సర్ అయితది’ అన్నారు. మూడో రోజు ఆపరేషన్ అయిపోయింది. హార్మోన్లు తయారుచేసే అండాశయాలు కూడా తీసేసిన సంగతి ఎవరూ చెప్పలేదు. నెల తిరగకముందే అర్ధరాత్రి లేచి బకెట్ నీళ్లు ఒంటి మీద గుమ్మరించుకునేది. జ్వరమన్నారు, గాలి సోకిందన్నారు. ఆ సెగలకు ఒక పేరుందని, మందు ఉందని మాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

నాకు 46 ఏళ్లకు మొదలైంది. నేను వెళ్లిన చోట రెండు నిమిషాల్లో ‘ఈ వయసులో మామూలేనమ్మా’ అని బలం గోళీలు రాసి పంపేశారు.

మన దగ్గర ఈ వయసు ఆడవాళ్లు ఎక్కువగా వినే జవాబులు ఈ రెండే. ఓర్చుకో, లేదంటే తీసేయించుకో. ఈ రెండింటి మధ్య చాలా వైద్యం ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలి.

ముందు, ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. అయితే అసలు ఇబ్బంది అంతకుముందే మొదలవుతుంది. ఆ దశ పెరిమెనోపాజ్. కొన్నేళ్లపాటు సాగుతుంది. హార్మోన్లు ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఉంటాయి కాబట్టి ముట్టు 20 రోజులకే రావచ్చు, రెండు నెలలు రాకపోవచ్చు.

వేడి సెగలు, రాత్రి చెమటలు చాలామందికి తెలుసు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చేతిలో పట్టుకున్న వస్తువు కోసమే వెతుక్కోవడం, కీళ్ల నొప్పులు, మూత్రంలో మంట, కింద పొడిబారి భర్తతో కలిసినప్పుడు నొప్పి, ఇవీ ఇందులో భాగం కావచ్చు. ఆఖరుది ఎవరం చెప్పుకోం. కానీ సులభంగా తగ్గేవాటిలో అదొకటి.

40 ఏళ్లలోపే ముట్లు ఆగితే అది మామూలు కాదు. వెంటనే చూపించుకోండి.

రెండు నెలలు రాసి పెట్టుకోండి

పిల్లల పాత నోటుబుక్కులో నాలుగు పేజీలు చాలు. ముట్టు ఏ రోజు వచ్చింది, ఎన్ని రోజులు ఉంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు, రక్తం గడ్డలు పడ్డాయా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, సెగలు ఎన్నిసార్లు, ఇవి రాయండి. రాయడం రాకపోతే గోడ మీది క్యాలెండర్‌లో గీతలు పెట్టండి, బిడ్డతోనో కోడలితోనో రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ పని ఆగిపోతోందో రాయండి. ‘నీరసంగా ఉంటోంది’ అంటే డాక్టర్ చెవికి రోజూ వినే మాటే. ‘పత్తి ఏరడానికి పోయి రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోయాను, నెలలో ఆరు కూలీలు పోయినయ్’ అంటే తలెత్తి చూస్తారు. వాడుతున్న గోళీలు, ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూదుల వివరాలు కూడా అందులోనే ఉండాలి.

ఎక్కడికి పోవాలి?

మొదట మీ ఊరి ఆశా కార్యకర్తనో నర్సమ్మనో అడగండి. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్ల కోసమే పెట్టిన క్లినిక్‌లు ఇవి. మెనోపాజ్ చికిత్స వీటి సేవల జాబితాలోనే ఉంది. మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో నడుస్తోందో కనుక్కుని బయలుదేరండి.

అక్కడ కాకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి. అక్కడ స్త్రీల వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. యాదాద్రి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు మరవకండి. ఛార్జీలు లేవని ఇంట్లో వాయిదా వేసే మాట ఇప్పుడు చెల్లదు.

డాక్టర్ ముందు ఎలా మాట్లాడాలి?

నేను చేసిన తప్పు ఇక్కడే. బల్ల చుట్టూ నలుగురు నిలబడి ఉంటే సిగ్గుపడి ‘ఒంట్లో బాగుండట్లేదు మేడమ్’ అని ఊరుకున్నాను. అందరిలో చెప్పలేకపోతే ‘మేడమ్, ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి’ అనండి. అలా అడగడం మీ హక్కు. భర్తను కాసేపు బయట ఉండమనడంలో కూడా తప్పేం లేదు.

మొదటి మాటలోనే అసలు విషయం రావాలి. ‘నాకు 47 ఏళ్లు. ఎనిమిది నెలల నుంచి ముట్టు తప్పుతోంది. రాత్రి నాలుగైదుసార్లు చెమటలు పట్టి లేస్తున్నా. ముట్లు ఆగే దశ వల్లనా? దీనికి ఏం వైద్యం ఉంది?’ ఇంత చాలు. ఆ తర్వాత పుస్తకం చేతికివ్వండి.

‘మామూలే’ అనే జవాబు వస్తే కోపం తెచ్చుకోకుండా ఇంకో ప్రశ్న వేయండి. ‘మామూలే కావచ్చు మేడమ్, కానీ నేను పని చేసుకోలేకపోతున్నా. తగ్గడానికి ఏమేం దారులున్నాయి?’ అప్పటికీ వినకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి పోండి. అది వాళ్లను అవమానించడం కాదు.

పరీక్షలు, మందులు

45 దాటి, లక్షణాలు స్పష్టంగా ఉంటే హార్మోన్ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదు. రక్తం శాతం, థైరాయిడ్, షుగర్, బీపీ మాత్రం చూడాలి. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇవే బాధలు తెస్తాయి. ముట్టు ఎక్కువగా అవుతుంటే స్కానింగ్, ఒక్కోసారి గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష.

సెగలకు అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స, అంటే ఒంట్లో తగ్గిన హార్మోన్లను మందుగా ఇవ్వడం. దీని మీద భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో పెరిగింది. కానీ అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63, అంటే ముట్లు ఆగి చాలా ఏళ్లయినవాళ్లే ఎక్కువ. ముట్లు ఆగి పదేళ్లు దాటని, 60 నిండని ఆరోగ్యవంతులకు సాధారణంగా మేలే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ తప్పనిసరి. రెండూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, అది కూడా అడిగి తెలుసుకోండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి. వాళ్లకు హార్మోన్లు లేని మందులు వేరే ఉన్నాయి. కింద పొడిబారడానికి, మాటిమాటికి వచ్చే మూత్రం మంటకు తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది.

మా అక్కలాగా 45 లోపే అండాశయాలు తీసేసినవాళ్లకు, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, ముట్లు సహజంగా ఆగే వయసు వరకు హార్మోన్లు ఇవ్వడం మంచిదని వైద్యులు చెబుతారు. ఇది ఎముకల కోసం, గుండె కోసం కూడా.

దిగులు, టెన్షన్ ఎక్కువై బతుకు మీద విరక్తి అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, మాట్లాడటం ఉచితం.

గర్భసంచి తీసేయాలి అంటే

ఆ రోజే ఒప్పుకోకండి. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువ. అవసరం లేని ఆపరేషన్లపై వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలకు చెప్పింది.

తెల్లబట్టకు, నడుం నొప్పికి గర్భసంచి తీయడం వైద్యం కాదు. ఇన్ఫెక్షన్ ఉంటే మందులున్నాయి. ముట్టు ఎక్కువైతే రక్తస్రావం తగ్గించే గోళీలు, హార్మోన్ గోళీలు, కాపర్-టీ లాగా గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం ముందు ప్రయత్నించాలి. ఇవి అడగండి: ‘జబ్బు పేరేంటి? కాగితం మీద రాసివ్వండి. మందులతో తగ్గదా? ముక్క పరీక్ష చేశారా? అండాశయాలు ఉంచుతారా?’ రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టర్‌కు చూపించండి. క్యాన్సర్ అని తేలినా, గర్భసంచిలో పెరిగిన గడ్డలు మందులకు లొంగకపోయినా ఆపరేషన్ అవసరమే, అప్పుడు ఆలస్యం చేయొద్దు.

నల్లగొండ వాళ్లకు ఇంకో మాట

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఫ్లోరోసిస్ నొప్పులు, ఈ వయసు కీళ్ల నొప్పులు ఒకేలా ఉంటాయి. పైగా ఫ్లోరోసిస్ ఉంటే ఎముక సాంద్రత పరీక్షలో ఎముక గట్టిగా కనిపించి, లోపల పెళుసుగా ఉండొచ్చు. తిండిలో తైదలు (రాగులు), పాలు, నువ్వులు చేర్చండి. వంద గ్రాముల తైదల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తం పడినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా వెంటనే పోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ‘సెగలే’ అనుకోకుండా 108 పిలవండి.

మందు మొదలుపెట్టాక మూడు నెలలకు మళ్లీ వెళ్లాలి. మోతాదు సరిపోయిందో లేదో అప్పుడే తేలుతుంది. ఆ మధ్యలో పుస్తకం రాస్తూనే ఉండండి. ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జి కాగితం, ముక్క పరీక్ష రిపోర్టు పాస్‌బుక్కుతో పాటు భద్రపరచండి. మా అక్క కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది. అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి 44 ఏళ్లప్పుడు మళ్లీ స్కానింగ్ చేయించాల్సి వచ్చింది.