పాత తెరచాప పడవ: లోపం ఎక్కడ కనబడుతుంది, ఎక్కడ పుడుతుంది

శని, ఆదివారాల్లో హుస్సేన్ సాగర్‌లో తిరగడానికి మా వారూ నేనూ కలిసి ఒక పాత ఎంటర్‌ప్రైజ్ పడవను కొన్నాము. జాక్ హోల్ట్ 1956లో రూపొందించిన ఈ రకం పడవ పొడవు 4.04 మీటర్లు. దీనికి పెద్దది ఒకటి, చిన్నది ఒకటి చొప్పున రెండు తెరచాపలుంటాయి, నడపడానికి ఇద్దరు కావాలి. ఆలుమగలకు ఇది అనువైన పడవే గాని, పాతది కొన్నప్పుడు లోపం కనబడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి అవుతుంది. కారణం తేలేదాకా ఏ సామానూ కొనవద్దని మా అనుభవం కొద్దీ చెబుతున్నాను.

ఒడ్డుకు వచ్చేసరికి పడవ బరువెక్కుతోంది

గంటసేపు తిరిగి వచ్చాక పడవను ట్రాలీ మీదికి లాగడానికి ఇద్దరి బలం చాలకపోతే లోపలికి నీరు చేరుతోందని అర్థం. కాళ్ళ దగ్గర నీరు నిలిచి ఉంటే సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీటిలోకి దించే పలక) ఉండే పెట్టెను, అడుగున ఉండే బెయిలర్‌ను (లోపల చేరిన నీటిని బయటికి వదిలే మూత) అనుమానించాలి. పైకి పొడిగా ఉండి, పడవను కదిపినప్పుడు లోపల నీటి చప్పుడు వినిపిస్తే, గాలి మాత్రమే ఉండవలసిన పక్క అరల్లోకి నీరు దిగిందన్నమాట. రెండవది మరింత ప్రమాదకరం, ఎందుకంటే బోల్తా పడిన పడవను తేల్చి ఉంచేవి ఆ అరలే.

మొదటి రకానికి పరీక్ష సులువు. పడవను రెండు బల్లల మీద ఎత్తిపెట్టి, బయటి భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, కింద పాత పేపర్లు పరచి, సెంటర్‌బోర్డు తిరిగే బోల్టు మునిగేదాకా లోపల నీళ్ళు పోయాలి. నీరు బయటికి కారే చోటే లోపలికి వచ్చే చోటు కూడా. మాకు పడవ అమ్మిన వ్యక్తి బెయిలర్ రబ్బరు మారిస్తే సరిపోతుందన్నారు. మార్చాము, నీరు ఆగలేదు. ఆ తరువాతే ఈ పరీక్ష చేశాము. పావుగంట వరకు పేపరు పొడిగానే ఉంది. ఆ పైన సెంటర్‌బోర్డు దిగే చీలిక అంచున ఒక చుక్క ఊరి, కాసేపు వేలాడి, పేపరు మీద పడి రూపాయి బిళ్ళంత మచ్చ కట్టింది. బోల్టు తీసి చూస్తే దాని రబ్బరు వాషరు రాయిలా గట్టిపడి నిలువునా చీలి ఉంది. రాణిగంజ్‌లో కొన్న రెండు కొత్త రబ్బరు వాషర్లు, వాటి మీద వెడల్పాటి స్టీలు వాషర్లు వేసి బిగించాము. ఇక్కడ బలమంతా పెట్టి బిగించకూడదు. పెట్టె పక్కలు లోపలికి నొక్కుకుపోయి బోర్డు కదలకుండా పట్టేస్తుంది.

పక్క అరలకైతే మూతలు గట్టిగా బిగించి, అతుకుల వెంబడి సబ్బు నీళ్ళు పూసి, నీరు వదిలే రంధ్రానికి గొట్టం పెట్టి నోటితో ఊదాలి. బుడగలు లేచే చోటు గుర్తు పెట్టుకోవాలి. కంప్రెసరు ఎంతమాత్రం వాడవద్దు, ఆ ఒత్తిడికి బాగున్న అతుకులు కూడా విచ్చుకుంటాయి. పగులు ఉన్న చోటును కొన్ని రోజులు పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ అనే గట్టి జిగురు పెట్టాలి. మన ఏప్రిల్ మధ్యాహ్నాల వేడికి కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే గడ్డకడుతుంది కాబట్టి, తెల్లవారుజామున కొద్దికొద్దిగా కలుపుకోవడం మేలు.

చుక్కాని పిడి చేతిని లాగేస్తోంది

పడవ గాలి వచ్చే వైపుకే తిరగబోతూ, దానిని ఆపడానికి చేయి నొప్పి పుట్టేలా పిడిని పట్టుకోవలసి వస్తే, ముందుగా ఒక్క సంగతి గమనించాలి: పడవ నిటారుగా ఉన్నప్పుడూ బరువుగా ఉందా, ఒరిగినప్పుడే బరువెక్కుతోందా? నిటారుగా ఉన్నప్పుడూ బరువైతే చుక్కాని పలక పూర్తిగా కిందికి దిగలేదు, దానిని దించి ఉంచే తాడు సాగింది. సాగని కొత్త తాడు కడితే సరిపోతుంది. ఒరిగినప్పుడే బరువెక్కితే లోపం చాలాసార్లు మన కూర్చునే తీరులో ఉంటుంది. ఇద్దరూ అంచు మీదికి జరిగి ఒళ్ళు బయటికి వాల్చాలి, అయినా ఒరుగుతుంటే పెద్ద తెరచాప తాడును కాస్త వదలాలి. ఇంత చేసినా తగ్గకపోతే మాస్ట్ (తెరచాపలు కట్టే నిలువు స్తంభం) వెనక్కు వాలి ఉందేమో కొలిచి, దానిని ముందు వైపు నుంచి పట్టి ఉంచే తీగను ఒక రంధ్రం మేర బిగించాలి.

బిగించిన తీగలు మళ్ళీ వదులవుతున్నాయి

కొనేముందే చూడవలసిన లోపమిది. మాస్ట్‌ను నిలబెట్టే తీగలు ప్రతి వారమూ వదులవుతుంటే తీగలు సాగుతున్నాయని అందరూ అనుకుంటారు. అసలు కారణం మాస్ట్ పాదం కింద చెక్క మెత్తబడి కుంగిపోవడం కావచ్చు. ఆ చోట స్క్రూడ్రైవరు పిడితో తట్టితే గట్టి చెక్క టక్కుమంటుంది, పుచ్చినది మూగబోతుంది. అక్కడ మూగగా వినిపించిన పడవను ఎంత చౌకగా ఇస్తామన్నా కొనవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మరమ్మతుకు పడవను సగం విప్పవలసి వస్తుంది. పాదం గట్టిగా ఉంటే అప్పుడు తీగల వెంబడి దూదిని జార్చి చూడాలి. తెగిన పోగు దూదిని పట్టుకుంటుంది. ఒక్క పోగు తెగినా రెండు వైపుల తీగలనూ కలిపి మార్చాలి.

సముద్రతీరం నుంచి వచ్చిన పడవైతే అల్యూమినియం మాస్ట్‌కు స్టీలు సామాను తగిలే చోట తెల్లటి పొడి కూడా కనబడుతుంది. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలూ కలిసి అల్యూమినియం తినుకుపోవడమే దానికి కారణం. సామాను విప్పి శుభ్రం చేసి, మధ్యన పలుచని ప్లాస్టిక్ ముక్క పెట్టి తిరిగి బిగించాలి.

బోల్తా పడిన పడవ తలకిందులైపోతోంది

పడవ పక్కకు పడి ఆగకుండా పూర్తిగా తలకిందులైతే మాస్ట్ లోపలికి నీరు దిగుతోందని అనుమానించాలి. హుస్సేన్ సాగర్ అడుగున ఒండ్రు పేరుకొని ఉంది కాబట్టి మాస్ట్ కొన అందులో దిగబడితే ఇద్దరి వల్ల కాదు. తెరచాప పడవల క్లబ్బు వారి రక్షణ పడవ దగ్గర లేకుండా నీటిలోకి దిగవద్దని చెప్పడం అందుకే. రక్షణ పడవ వారికి కూడా అడ్డంగా లాగవద్దనీ, మాస్ట్ దిగబడిన దారినే వెనక్కు తీయమనీ చెప్పాలి. అడ్డంగా లాగితే మాస్ట్ వంగిపోతుంది. పరీక్ష కోసం మాస్ట్‌ను విప్పి, రెండు కొనలూ మూసి, ఒడ్డు దగ్గర నీటిలో ముంచి పట్టుకోవాలి. బుడగలు వచ్చిన రివెట్ల చుట్టూ, కొనల దగ్గర సీలెంటు పూసి, రోజంతా ఆరనిచ్చి, మళ్ళీ ముంచి చూడాలి. సాగర్‌లో బలమైన గాలి వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా కనుక, ఈ పని మే నెలలోనే ముగించుకోవాలి.