స్కాలర్‌షిప్ పడలేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

"శాంక్షన్ అయిందంటున్నారు, డబ్బులు మాత్రం రాలేదు." హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో సంక్షేమ శాఖల ఆఫీసులుండే సంక్షేమ భవన్‌కి ఎప్పుడెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. బస్సెక్కే ముందు తెలంగాణ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో అప్లికేషన్ నంబర్ కొట్టి స్టేటస్ చూసుకోండి, సగం తిరుగుడు తప్పుతుంది.

సమస్య: నెలలు గడిచినా స్టేటస్ కాలేజీ దగ్గరే ఉంది.
ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే సరిపోతుందనుకుని చాలామంది ఆగిపోతారు. హార్డ్ కాపీలు కాలేజీలో ఇచ్చారా, వేలిముద్ర వేశారా, అటెండెన్స్ 75 శాతం ఉందా చూడండి. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే వెతకడం అనవసరం, రాదు.

సమస్య: శాంక్షన్ అని ఉంది, అకౌంట్‌లో రూపాయి లేదు.
అసలు తికమకంతా ఇక్కడే. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది మామూలుగా కాలేజీ ఖాతాకి పోతుంది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, మన ఖాతాకొచ్చేది అదే. ఎస్సీ విద్యార్థుల సంగతి వేరు, కేంద్రం నిబంధన ప్రకారం దాని వాటా 60 శాతం నేరుగా ఆధార్‌కి లింకైన ఖాతాలో పడాలి. ఆ ఖాతా మీరు ఫారంలో రాసిందే అయ్యుండాలని లేదు! మా తమ్ముడి డబ్బులు ఎప్పుడో స్కూల్లో ఉండగా ఊళ్లో తీసిన ఖాతాలో పడ్డాయి, వాడేమో దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి చుట్టూ రెండు నెలలు తిరిగాడు, చివరికి అమ్మ ట్రంకుపెట్టెలో పాత పాస్‌బుక్ దొరికితే తెలిసింది. ఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మార్చాలంటే కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ (అంటే లింకు చేసే) ఫారం ఇవ్వాలి.

ఇక ట్రెజరీ టోకెన్ (బిల్లు ట్రెజరీకి చేరిందని ఇచ్చే నంబరు) వచ్చి ఆగిపోయిందంటే తప్పు మీది కాదు, నిధులు రావాలి. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేసింది ఈ బకాయిల మీదే.

సమస్య: విదేశీ విద్యానిధికి అప్లై చేస్తే రిజెక్ట్.
ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ పేరున, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరున, మైనారిటీలకి ముఖ్యమంత్రి పేరున ఉన్న పథకాలివి, 20 లక్షల దాకా ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం. ఇంగ్లిష్ పరీక్షలు ఐఈఎల్‌టీఎస్‌లో 6 లేదా టోఫెల్‌లో 60 రావాలి. మార్కులు బాగానే ఉన్నా ఆదాయ సర్టిఫికెట్ పాతదైతే, మీరు వెళ్లే దేశం పథకం జాబితాలో లేకపోతే ఫైలు ఆగిపోతుంది.

సమస్య: విద్యానిధికి సెలెక్ట్ అయ్యాను, ఫీజు గడువు దగ్గరపడింది, డబ్బు లేదు.
మొదటి 10 లక్షలు మీరు అక్కడ దిగాకే, అమెరికా అయితే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు అక్కడి రికార్డు) చూపించాకే. అంటే వీసాకి చూపించాల్సిన డబ్బు, మొదటి సెమిస్టర్ ఫీజు వేరేగా సర్దుకోవాలి. ఈ డబ్బు వస్తుందిలే అని బ్యాంకు లోన్ వదులుకున్నారా, టెన్షన్ కొని తెచ్చుకున్నట్టే. రెండో 10 లక్షలకి మొదటి సెమిస్టర్ రిజల్ట్ పంపాలి. అది అడిగేదాకా ఆగకండి, మెమో చేతికొచ్చిన రోజే స్కాన్ చేసి పంపేయండి.