రాజమహేంద్రవరంలో మిత్రులతో ఒకే గదిలో బస

ముగ్గురు కలిసి ఒక గది తీసుకోదలిస్తే, ముందుగా హోటల్‌కు ఫోన్ చేసి, మూడో మనిషికి పరుపు వేస్తారా, దానికి విడిగా ఎంత తీసుకుంటారు, అద్దె దిగిన గంట నుంచి 24 గంటలకా లేక మర్నాడు మధ్యాహ్నం 12 వరకేనా అన్నవి అడిగి తెలుసుకోవాలి. తెల్లవారుజామున రైలు దిగేవారికి ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. ఆధార్ కార్డు ఒక్కరిది చాలదు, అందరివీ అడుగుతారు. సంక్రాంతికి భీమవరం వెళ్లేవారైతే కోడిపందేల రద్దీకి గదులు ముందే నిండిపోతాయి కనుక, బేరం మాట అటుంచి గది దొరకడమే చూసుకోవాలి.

అసలు చిక్కు స్నానాల దగ్గర వస్తుంది. పాపికొండల బోటు కోసం ఉదయమే బయలుదేరవలసి ఉన్నప్పుడు, ఎవరు ముందు లేవాలో రాత్రే అనుకుని, చిన్న గీజరులో నీళ్లు మళ్లీ కాగడానికి మనిషికీ మనిషికీ మధ్య కొంత వ్యవధి ఉంచాలి. పుష్కర ఘాట్‌లో మునిగి వచ్చిన తడి తువ్వాళ్లు ఏసీ గదిలో కుర్చీల మీద వేస్తే సరిగా ఆరకపోగా ముక్క వాసన వేస్తాయి. మేడ మీద ఆరవేసుకోనిస్తారేమో అడగడం మేలు. గురక పెట్టేవారిని గోడవైపు పడుకోబెట్టినా ఫలితం ఉండదు, మిగిలినవారే ముందుగా నిద్రపోవాలి. అద్దె ఒకరే చెల్లించి, బిల్లు ఫొటో అందరికీ పంపి, గది ఖాళీ చేసేలోపే వాటాలు వసూలు చేసుకోవాలి.