ఓర్లాండో ఉక్కలో థీమ్ పార్క్: నా అనుభవం

గత జూలైలో అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ల పాపతో ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్లినప్పుడు, మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకే అమ్మకు తలనొప్పితో కళ్లు తిరిగాయి, పాప తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోయింది. మెడకు తగిలించుకునే ఫ్యాను, తడి తువ్వాలు, గొడుగు, కూల్‌డ్రింకులు ఏవీ పనిచేయలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, అది ఆరకపోతే ఒళ్లు చల్లబడదు; అనంతపురం పొడి ఎండలో పెరిగిన నాన్నకు కూడా ఈ ఉక్క కొత్తే.

రెండో రోజు పద్ధతి మార్చాం. ముందు రాత్రే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు సరిగ్గా కొలిచి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. ఉదయం చెమట పట్టకముందే పాప తొడలకు వాజలీన్ రాసి, గేట్లు తెరవకముందే చేరుకుని, పెద్ద రైడ్లన్నీ ముందుగా ముగించి, దాహం వేసేదాకా ఆగకుండా ఆ నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతూ, పదకొండున్నరకు నిర్దాక్షిణ్యంగా బయటికి వచ్చేశాం. అసలు ఫలితమిచ్చింది ఆ తర్వాతి ఐదు గంటలే: హోటల్‌లో చల్లని నీళ్ల స్నానం, పెరుగన్నం, ఏసీలో నిద్ర, ఆపైన చొక్కా నుంచి సాక్సుల దాకా అన్నీ పొడివి. మేం పడుకున్నప్పుడే అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో తరచుగా వచ్చే ఉరుముల వాన కురిసి వెలిసింది. అయిదింటికి తిరిగి వెళితే, తడిసిన నేల మీద అమ్మ రాత్రి తొమ్మిదిదాకా హాయిగా నడిచింది.

మా హోటల్ పదిహేను నిమిషాల దూరంలోనే ఉంది కాబట్టి ఇది కుదిరింది; దూరంగా బస చేసినవారికి సాధ్యపడకపోవచ్చు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఉప్పు, చక్కెర నీళ్ల గురించి ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలి.