కంపెనీ కంప్యూటర్ ఖరాబైతే కస్టమర్ కేర్‌తోని పని ఎట్ల చేయించుకోవాలె

మన హన్మకొండ, కాజీపేట దిక్కు బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొన్నోళ్లు మస్తు మంది ఉన్నరు, అది జర మొరాయిస్తే చాలు సీదా పక్కన రిపేర్ షాపుకు పట్కపోతరు, ఆయన స్క్రూలు ఇప్పి చూస్తడు, తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తే బయటోళ్లు ఇప్పిన్రు కాబట్టి వారంటీల చెయ్యం అని లొల్లి పెడతరు. వారంటీ పైసలు కూడా కలిపే కదా మనం కట్టింది, అది పూర్తిగ వాడుకోవాలె.

ముందుగాల బిల్లు సంగతి. షాపుల మెషిన్ల నుంచి వచ్చే సన్న కాగితం బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే ఎగిరిపోతయి, అందుకే కొన్న రోజే ఫోటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండ్రి. దాని మీద జీఎస్టీ నంబర్, కంప్యూటర్ సీరియల్ నంబర్ రెండూ ఉండాలె, ఎస్టిమేట్ అని రాసిచ్చిన చీటీ తీసుకొని రాకండ్రి. సీపీయూ వెనుక స్టిక్కర్ కూడా ఒక ఫోటో తియ్యండ్రి. డెల్ అయితే దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటరు, అక్షరాలు, అంకెలు కలిపి ఏడుంటయి, హెచ్‌పీ, లెనోవోలకు సీరియల్ నంబర్. అది కంపెనీ సైట్ల కొడితే వారంటీ ఎప్పటిదాక ఉందో చూపెడతది. షాపుల చానా రోజులు పడి ఉన్న మాల్ అయితే మీరు కొనకముందు నుంచే వారంటీ మొదలైనట్టు కనిపించొచ్చు, అప్పుడు బిల్లు పంపి తారీఖు సరిచేయమని అడగండ్రి, ఇది కొన్న వారంలనే చూసుకుంటే మంచిది.

ఇంకోటి, వారంటీ ఆన్‌సైటా, క్యారీ ఇన్నా చూసుకోండ్రి. ఆన్‌సైట్ అంటే ఇంజనీర్ ఇంటికొస్తడు, క్యారీ ఇన్ అంటే మనమే సర్వీస్ సెంటర్‌కు మోసుకపోవాలె. ములుగు, భూపాలపల్లి దిక్కు ఉండేటోళ్లు కొనేటప్పుడే మా ఊరి పిన్ కోడ్‌కు ఇంజనీర్ వస్తడా అని అడిగి తెల్సుకోవాలె.

ఫోన్ కొట్టేముందు చేసే పని ఒకటుంది, నా లెక్కల అన్నిటికంటె అదే ముఖ్యం. కంప్యూటర్ ఆన్ చేయంగనే డెల్‌ల ఎఫ్12 కొట్టి వచ్చిన మెనూల డయాగ్నస్టిక్స్ ఎంచుకుంటే, హెచ్‌పీల ఎఫ్2, చానా లెనోవో మోడళ్లల ఎఫ్10 కొడితే కంపెనీ సొంత టెస్ట్ ప్రోగ్రామ్ వస్తది. అది హార్డ్ డిస్క్, ర్యామ్ అన్నీ చూసి ఎక్కడన్న తేడా ఉంటే ఒక ఎర్రర్ కోడ్ ఇస్తది, దాన్ని ఫోటో తీసుకోండ్రి. హంటర్ రోడ్డుల మా పక్కింటి అక్క కంప్యూటర్ మాటిమాటికి ఆగిపోతుండె. కస్టమర్ కేర్‌ల పిల్లగాడు "మేడమ్, విండోస్ మళ్ల ఎక్కించండి" అని అదే మాట చెప్తుండె. నేను టెస్ట్ పెట్టి చూస్తే హార్డ్ డిస్క్ ఫెయిల్ అని కోడ్ వచ్చింది. అక్క ఫోన్ల "తమ్మీ, విండోస్ సంగతి తర్వాత, ముందు ఈ కోడ్ రాసుకో" అని ఒక్కొక్క అక్షరం చదివి చెప్పింది. అవతల జరసేపు సప్పుడు లేదు, ఆ తర్వాత కొత్త డిస్క్ పంపుతం మేడమ్ అన్నడు.

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌ల వెతికి మొదటి దానికి కొట్టకండ్రి, దొంగ నంబర్లు ఉంటయి. బిల్లుతోని వచ్చిన వారంటీ బుక్కుల గానీ కంపెనీ సొంత సైట్ల గానీ ఉన్నదే వాడండ్రి. ఎనీడెస్క్ (మన ఫోన్, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే యాప్) ఎక్కించి పది రూపాయలు కట్టమంటే ఫోన్ పెట్టేయాలె, పైసలు పోతే ఆ నిమిషంలనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు కొట్టాలె. అసలు కంపెనీతోని మాట్లాడినప్పుడు కేస్ నంబర్ (మీ కంప్లయింట్‌కు వాళ్లు ఇచ్చే నంబర్) తీసుకోకుంట ఫోన్ పెట్టకండ్రి, వాళ్లు చెప్పిందంతా మెయిల్ చేయమనండ్రి. పంపకపోతే మీరే "ఇయ్యాల ఇట్ల చెప్పిన్రు" అని కేస్ నంబర్ రాసి వాళ్లకు మెయిల్ పెట్టండ్రి.

ఇంజనీర్ వచ్చేలోపు ఫోటోలు, కాయిదాలు పెన్ డ్రైవ్‌లకు ఎక్కించుకోవాలె, డేటా పోతే కంపెనీ జిమ్మేదారి తీసుకోదు. విండోస్ 11 ల బిట్‌లాకర్ (డిస్క్‌ల డేటాకు తాళం వేసే ఏర్పాటు) ఆన్ అయి ఉంటే మదర్‌బోర్డు మార్చినంక 48 అంకెల రికవరీ కీ అడుగుతది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ల అది ఉందా లేదా ముందే చూసి రాసిపెట్టుకోండ్రి. పని అయినంక కంప్యూటర్ మంచిగ నడిపి చూసి, అప్పుడే జాబ్ షీట్ (ఇంజనీర్ చేసిన పని రాసిన కాగితం) మీద సంతకం పెట్టాలె. నీళ్లు పడ్డా, కరెంటు ఎక్కువొచ్చి కాలినా మామూలు వారంటీల రాదు, అందుకే వానకాలం ఉరుములప్పుడు ప్లగ్గు పీకి పెట్టుండ్రి.

ఎంతకూ తిప్పుతనే ఉంటే 1915 కు ఫోన్ చేయండ్రి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. దాంతోని కూడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరుల ఉన్నా అక్కడికి పోవుడు అవసరం లేదు. 5 లక్షల లోపు సామానుకు ఫీజు లేదు, వకీలు లేకున్నా నడుస్తది, కానీ సమస్య మొదలైన రెండేండ్ల లోపల వేయాలె. బిల్లు, జాబ్ షీట్లు, కేస్ నంబర్లు, మెయిళ్లు తారీఖుల వారీగ ప్రింట్ తీసి పెట్టుకుంటే కంప్లయింట్ రాసుడు తేలికైతది.