కూలర్ డబ్బా, రాగి గొట్టం: ఇంటి బీరుకు మాష్ టన్, చిల్లర్ తయారీ, మరమ్మతు

అమెరికాలో ఇంటి వాడకానికి బీరు కాచుకోవడాన్ని కేంద్ర చట్టం అనుమతిస్తుంది. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమలులోకి వచ్చి, పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా తయారుచేసుకొనే వీలు కల్పించింది. తయారైనదాన్ని అమ్మడానికి మాత్రం వీల్లేదు. రాష్ట్రాలలో చివరగా అలబామా, మిసిసిపీ 2013లో ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఎక్సైజ్ చట్టాల కింద లైసెన్సు లేని మద్యం తయారీ నేరమే కనుక, డాలస్‌లో ఉండి నేను రాస్తున్న ఈ సూచనలు అమెరికాలో ఉన్న తెలుగువారికోసమేనని ముందుగా చెప్పాలి.

కొనుక్కున్న సామగ్రి కంటే చేతితో చేసుకున్నది చవక. అయితే దాని లోపాలను కనిపెట్టే పని కూడా మనదే అవుతుంది. నేను నేర్చుకున్న పద్ధతి ఒక్కటే: ధాన్యం ముట్టుకోకముందు, ప్రతి పరికరాన్నీ అసలు పనిలో ఎంత వేడి తగులుతుందో అంత వేడి నీటితో ఒకసారి నడిపి చూడాలి. చన్నీటి పరీక్షలో నెగ్గిన అతుకులు వేడినీటికి కారడం నేను ఒకటికి మూడుసార్లు చూశాను.

మొదట మాష్ టన్ సంగతి, అంటే వేడినీటిలో నానే ధాన్యాన్ని (మాష్‌ను) ఉంచే పాత్ర. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, రవ్వగా మరపట్టి వేడినీటిలో గంటసేపు నానబెడితే, గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ గంటసేపూ వేడి 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. ఈ పాత్రకు పిక్నిక్‌లలో మంచినీళ్లు పెట్టే 10 గ్యాలన్ల గుండ్రని కూలర్ డబ్బా చక్కగా సరిపోతుంది. 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల వాయికి అది చాలినంత పెద్దది. దానికి వచ్చే ప్లాస్టిక్ కుళాయిని లోపలి నట్టు విప్పి తీసేసి, ఆ రంధ్రంలో అర అంగుళం స్టెయిన్‌లెస్ స్టీల్ నిప్పుల్ (రెండు చివరలా మరలున్న పొట్టి గొట్టం) దూర్చి, బయట బాల్ వాల్వ్, లోపల గొట్టం తగిలించుకొనే బార్బ్ బిగించాలి. డబ్బా గోడకు ఆనేది సిలికాన్ ఓ-రింగు కావాలి, దాని మీద వెడల్పాటి స్టీలు వాషర్ రావాలి, ఆ తరువాతే నట్టు. నిప్పుల్ మరచుట్ల మీద టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు వేసుకోవాలి.

జింకు పూత ఉన్న ఇనుప సామాను ఇందులో వాడకండి, ఎందుకంటే పులుపు గుణమున్న మాష్‌లో జింకు కరుగుతుంది. ఇత్తడి వాల్వ్ చవకగా దొరుకుతుంది కాని దాని పైపొరలో సీసం ఉండవచ్చు; రెండు వంతుల తెల్ల వెనిగర్, ఒక వంతు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవంలో పావుగంట దాకా నానబెడితే ఆ పొర పోయి ఇత్తడి వెన్నరంగులోకి వస్తుంది. ద్రవం ఆకుపచ్చగా మారుతోందంటే సమయం మించిందన్నమాట.

లోపలి వడపోతకు, వాటర్ హీటర్‌కు కలిపే స్టీలు అల్లిక గొట్టం ఒకటి తెచ్చి, రెండు చివరలూ రంపంతో కోసి, లోపలి రబ్బరు గొట్టాన్ని లాగి పారేస్తే మిగిలిన అల్లికే జల్లెడగా పనికివస్తుంది. దాని ఒక చివరను మడతపెట్టి నొక్కి మూసి, రెండో చివరను బార్బ్‌కు క్లాంపుతో బిగించాలి. కొన్ని గొట్టాల అల్లిక చూడటానికి స్టీలులా మెరిసే ప్లాస్టిక్ మాత్రమే కనుక కొనేముందు పొట్లం మీద చదవడం మంచిది. ఐదారు కిలోల తడి ధాన్యం బరువుకు మెత్తటి అల్లిక అణగిపోతుంది. అందుకు లోపల స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి దూర్చితే సరి.

ఇప్పుడు నీటి పరీక్ష. డబ్బాను 75 డిగ్రీల నీటితో నింపి, మూత పెట్టి, గంటసేపు కదపకుండా ఉంచండి. వాల్వ్ మర దగ్గర చుక్క కనిపిస్తే టేపు మళ్లీ చుట్టాలి. గోడ, వాషర్ కలిసేచోట తడి కనిపిస్తే ఓ-రింగు సరిగా కూర్చోలేదు. నట్టును మరీ బిగించినా ఓ-రింగు వాషర్ కిందనుంచి పక్కకు పాకి కారడం మొదలవుతుంది, కాబట్టి చేతితో బిగించాక రెంచితో పావు మలుపు కంటే ఎక్కువ తిప్పవద్దు. అన్నిటికంటే మోసం చేసేది రెండు గోడల నడుమకు జారే నీరు. బయట ఏమీ కనిపించదు, డబ్బా ఖాళీ చేసి పక్కకు వంచినప్పుడు మాత్రం గోడలో గలగలమని చప్పుడు వినిపిస్తుంది. అలా వినిపిస్తే మొత్తం విప్పి ఆరబెట్టక తప్పదు. గంటలో వేడి ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే ఫరవాలేదు. అంతకు మించి తగ్గితే మూతను అనుమానించాలి, ఎందుకంటే చాలా కూలర్ల మూతలు లోపల బోలుగా ఉంటాయి. చిన్న రంధ్రాలు చేసి స్ప్రే ఫోమ్ నింపితే ఆ నష్టం ఆగుతుంది. చివరగా వాల్వ్ తెరిచి నీరంతా వదిలి, అడుగున ఎంత మిగిలిందో కొలిచి రాసుకోండి. ప్రతి వాయిలోనూ అంత రసం, అంటే ధాన్యం నుంచి దిగే తీపి నీరు, మీకు దక్కదు.

పోసే నీటి వేడికి ఒక లెక్క ఉంది. కిలో ధాన్యానికి 3 లీటర్ల నీరు అనుకుంటే, 0.41ని 3తో భాగించి, దాన్ని కావలసిన వేడికీ ధాన్యం వేడికీ ఉన్న తేడాతో గుణించి, వచ్చినదాన్ని కావలసిన వేడికి కలపాలి. ధాన్యం 21 డిగ్రీలుండి 67 కావాలంటే నీరు సుమారు 73 డిగ్రీలుండాలి. ఈ లెక్క డబ్బా తాగే వేడిని చూడదు కాబట్టి ముందుగా మరో విడత వేడినీళ్లు పోసి డబ్బాను కాచి పారబోయాలి. లెక్క సరిగా ఉండి కూడా వేడి కుదరకపోతే తప్పు థర్మామీటరుది కావచ్చు. నలగ్గొట్టిన మంచు, నీరు కలిపిన గ్లాసులో అది సున్నా చూపాలి.

ఇక అందరినీ ఏడిపించే సమస్య, రసం దిగకుండా బిగుసుకుపోవడం. గంజి వార్చేటప్పుడు గిన్నెను ఒక్కసారిగా వంచితే మెతుకులన్నీ మూతకు చేరి గంజి ఆగిపోవడం మనింట్లో చూసినదే. మాష్ టన్‌లో జరిగేది కూడా దాదాపు అదే. వాల్వ్‌ను ఒక్కసారిగా పూర్తిగా తెరిస్తే పొట్టు పొర కిందికి లాగబడి గట్టిపడుతుంది. మొదట కొద్దిగా మాత్రమే తెరిచి, మడ్డిగా వచ్చే తొలి రెండు మూడు లీటర్లను మెల్లగా మళ్లీ పైన పోసి, రసం తేరాక వాల్వ్‌ను కొంచెం కొంచెంగా పెంచాలి. అయినా బిగుసుకుంటే వాల్వ్ మూసి, ధాన్యాన్ని అడుగుదాకా కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి మళ్లీ ప్రయత్నించాలి. 76 డిగ్రీల నీరు కొంత పోస్తే రసం పలచబడి తేలికగా దిగుతుంది. ప్రతిసారీ బిగుసుకుంటోందంటే ధాన్యం పట్టే మర మరీ మెత్తగా ఆడుతున్నట్టే. రోలర్ల నడుమ సుమారు ఒక మిల్లీమీటరు ఎడం ఉంటే గింజ పగిలినా పొట్టు నిలుస్తుంది. గోధుమ, ఓట్సు వేసే వాయికి పావుకిలో నుంచి అరకిలో దాకా వడ్ల ఊక కలపాలి. మన ఊళ్లలో ఇటుక బట్టీలకు పోయే ఊకను ఇక్కడ డాలర్లు పోసి పొట్లాలలో కొనడం నాకింకా మింగుడుపడదు.

రసాన్ని కాచాక దాన్ని త్వరగా 20 డిగ్రీలకు దించడానికి చిల్లర్ కావాలి. మూడు బై ఎనిమిది అంగుళాల మెత్తటి రాగి గొట్టం 15 మీటర్లు తెచ్చి, కాచే పాత్ర కంటే చిన్న గిన్నె చుట్టూ చుట్టాలి. వంపుల దగ్గర నలగకుండా గొట్టంలో సన్నటి ఉప్పు గట్టిగా దట్టించి, చివరలు టేపుతో మూసుకోవచ్చు; ఇసుక అయితే లోపల ఇరుక్కుంటుంది, ఉప్పు నీటితో కరిగిపోతుంది. రెండు చివరలనూ పాత్ర అంచు దాటేలా పైకి లేపి, బయటివైపు కిందికి వంచడం తప్పనిసరి. నా మొదటి చిల్లర్ అతుకు పాత్ర మీదనే ఉండేది. కాగని కుళాయి నీరు చుక్కచుక్కగా రసంలో పడుతున్నా నేను గమనించలేదు, రెండు వారాల తరువాత ఆ వాయి అంతా పుల్లగా మారి పారబోయవలసి వచ్చింది. నీరు బయటికి వచ్చే చివర చేయి కాలేంత వేడిగా ఉంటుంది కనుక అక్కడ మామూలు వినైల్ గొట్టం మెత్తబడి క్లాంపు జారిపోతుంది. సిలికాన్ గొట్టం వాడి, క్లాంపును వేడి మీదనే మరోసారి బిగించండి.

కాచడం ముగియడానికి పావుగంట ముందు చిల్లర్‌ను మరిగే రసంలో దించితే అదే శుద్ధి అవుతుంది. నీరు పారుతున్నా చల్లబడటం లేదనిపిస్తే చాలావరకు కారణం గొట్టాన్ని ఆనుకొని చల్లటి రసం కదలకుండా నిలిచిపోవడమే. చిల్లర్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. డాలస్ వేసవిలో కుళాయి నీరే గోరువెచ్చగా వస్తుంది, దానితో 20 డిగ్రీలకు చేరడం జరగని పని. రసం 40 డిగ్రీలకు దిగేదాకా కుళాయి నీరు వాడి, ఆ తరువాత మంచు నీటి బకెట్టులో చిన్న పంపు పెట్టి అదే నీటిని తిప్పాలి. ముందే మొదలుపెడితే మంచంతా మొదటి పది నిమిషాలలోనే కరిగిపోతుంది. గొట్టం మీది గోధుమ రంగు వల్ల హాని లేదు. పచ్చటి చిలుము పడితే మాత్రం వెనిగర్‌తో కడిగి వాడాలి. చలికాలంలో లోపలి నీటిని ఊది ఖాళీ చేయకపోతే అది గడ్డకట్టి గొట్టాన్ని చీలుస్తుంది.

పులియబెట్టడానికి మూత ఉన్న ఫుడ్ గ్రేడ్ బకెట్టు, లోపలి వాయువును బయటికి వదులుతూ బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్ చాలు. బుడగలు రావడం లేదని కంగారుపడి రెండోసారి ఈస్ట్ వేసేవారున్నారు. సాధారణంగా వాయువు మూత అంచునుంచి తప్పించుకుంటూ ఉంటుంది, కనుక ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తెలిపే హైడ్రోమీటరునే నమ్మాలి. పాత ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలిస్తే, దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొసను) గాలిలో వేలాడదీయకుండా బకెట్టు గోడకు అంటించి పైన స్పాంజి కప్పండి, లేకపోతే కంప్రెసరు మాటిమాటికీ ఆగుతూ నడుస్తూ త్వరగా చెడిపోతుంది. హైడ్రోమీటరు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపితేనే సీసాలకు ఎక్కించాలి. పులియడం పూర్తికాని బీరును మూతపెడితే సీసాలు పేలతాయి, అందుకే నేను మొదటి రెండు వారాలు వాటిని మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచుతాను.